పెద్దాయన పథ్యం

ఒక కట్టలో ఇరవై ఐదు బీడీలు. ఆ ఇరవై ఐదూ చుట్టి కట్ట కట్టేలోపల అంజమ్మకు ఎన్ని దగ్గులు వస్తున్నాయో యమునాబాయి మనసులో లెక్క వేసుకుంటూ వస్తోంది. శ్రావణంలో రెండు వచ్చేవి. గణపతి పండక్కి మూడయ్యాయి. దసరా దాటి వారమైందో లేదో, ఈ బుధవారం పొద్దున ఆరు. ఆరో దగ్గుకు అంజమ్మ ఒళ్ళోని చాట ఎగిరి, తంబాకు పొడి కొంత గడప మీద రాలింది. ఆమె దాన్ని అరచేత్తో జాగ్రత్తగా ఎత్తి మళ్ళీ చాటలో వేసుకుంది. ఆ దుమ్ముకు ఏడోది కూడా వచ్చింది.

“అక్కా, ఇయ్యాల దవాఖానకు పోదమా?” అంది యమునాబాయి, ఆకు మీద కత్తెర ఆడిస్తూనే.

“ఏ దవాఖానకు? పిల్లి కూసునేదానికా?”

సోలాపురం శివార్లలో బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్. అందులో వాళ్ళ గల్లీ చివర ఒక ధర్మ దవాఖాన ఉంది. భరత్ అనే కుర్ర నాయకుడి తండ్రి బతికుండగా కట్టించాడు. గుమ్మం మీద ఆయన ఫోటో, ఫోటోకి ప్లాస్టిక్ దండ. అందులో ఉన్న డాక్టరు వెళ్ళిపోయి పదకొండు నెలలైంది. ఆయన తిరిగే కుర్చీలో ఇప్పుడు ఒక చారల పిల్లి పడుకుంటుంది. కాంపౌండరు మాత్రం వేళ తప్పకుండా వచ్చి, తలనొప్పి అన్నా మోకాలు నొప్పి అన్నా ఒకే తెల్ల గోలీ ఇస్తాడు. ఒకసారి అంజమ్మ కావాలనే, కోడలు రెండు రోజులుగా తనతో మాట్లాడడం లేదని చెప్పి చూసింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోమన్నాడు.

“అది కాదక్కా. ఊర్లె పెద్ద దవాఖానకు.”

“పోతే ఏమైతది? పొద్దందాక లైన్ల నిలబెట్టి మాపటికి ఏదో ఒక పేరు చెప్తరు. పేరు లేనన్ని దినాలు అది ఉత్త దగ్గు. పేరు పెట్టినంక ఇంట్ల మనిషైతది. ఇగ పొమ్మన్నా పోదు.”

“పోనీ, నీ పేరు మీద మార్కండేయునికి దీపం మొక్కుకుంట.”

అంజమ్మ చుడుతున్న బీడీని చాటలో పడేసింది. “నా పేరు మీద దీపం ఎత్తినవంటె, యమ్నా, నీతోని మాట బంద్. దీపం సావుబతుకుల ఉన్నోళ్ళకు. నేనింక దినాం వెయ్యి బీడీలు చుడుతున్న.”

అంజమ్మ మాట బంద్ అంటే బందే. ఒకసారి ఒక కత్తెర విషయంలో నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. ఎదురెదురు గడపల మీద కూర్చుని, అంజమ్మ కోడలు కోమల్‌తో ఒకరికొకరు కబుర్లు పంపుకున్నారు. ఆ నాలుగు నెలలూ తన బీడీల మూతులు వంకరపోయాయని యమునాబాయికి ఇప్పటికీ గుర్తే. ఇరవై ఏళ్ళ కింద ఊళ్ళోని భవాని పేట్ నుంచి ఇద్దరూ ఒకే టెంపోలో సామాన్లు వేసుకుని ఈ కాలనీకి వచ్చారు. అప్పటినుంచి తన చేతులు ఆ ఎదుటి చేతుల తాళానికే ఆడుతున్నాయి. ఆ గడప ఖాళీ అయితే తను ఏం చేస్తుందో ఆమెకు తెలియదు. ఆలోచించడానికే భయంగా ఉంది.

దీపం సంగతి ఆ గల్లీలో అందరికీ తెలిసిందే. మార్కండేయుడు పద్మశాలీలకు మూలపురుషుడు, యముణ్ణి వచ్చిన దారిన పంపినవాడు. అందుకని ఇంట్లో జబ్బు ముదిరితే ఆయన గుడిలో సంకల్పం చెప్పించి, అక్కడ వెలిగించిన దీపాన్ని రోగి ఇంటికి తెచ్చుకుంటారు. దాన్ని ఒంటరిగా వదిలి ఎవరూ బయటికి పోరు. ఆ ఇంట్లో నీసు వండరు. రోగి లేచి కూర్చుని ఇంటి పెద్దామె చేత్తో పథ్యం తిన్నాకే దీపాన్ని కొండెక్కిస్తారు. తాత ముత్తాతలు కరీంనగర్ దిక్కు నుంచి మగ్గంతో పాటు మోసుకొచ్చిన ఆచారం అది.

కోమల్ ఫోను పట్టుకుని లోపల్నుంచి వచ్చింది. “అత్తా, ప్రధానమంత్రిని ఇంక ఐసీయూలనే పెట్టిండ్రట. ఇయ్యాల్టికి ఐదు దినాలు. ముప్పై మంది డాక్టర్లు చూస్తున్నరట.”

“ముప్పై మందా!” అంది అంజమ్మ. “అయ్యో పాపం. ఒకాయన చెప్పింది ఇంకొకాయన ఇంటడా? ఆ గడబిడల మనిషికి నీళ్ళు ఇచ్చేటోళ్ళన్న ఉన్నరో లేరో.” ఆమె నిజంగానే బాధపడింది. ఆ బాధలోనే రెండుసార్లు దగ్గింది.

ముప్పై మందిలో ఒక్కరిని ఇటు పంపితే వాళ్ళకేం తగ్గిపోతుందని యమునాబాయి అనుకుంది.

సరిగ్గా అప్పుడే గల్లీలోకి భరత్ బండి వచ్చింది. ముందు మైకు, వెనక భరత్. కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడాలని అతని కోరిక. ఎవరింట్లో ఏం జరిగినా పెళ్ళికొడుకులా తయారై వస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాస్త తీరిక లేనివాడు.

“అవ్వా, అందరు ఇనుండ్రి! శుక్రారం పొద్దుగాల మార్కండేయ గుడిల ప్రధానమంత్రి కోసం మన దీపం మొక్కు. మన కులపోళ్ళ ఆచారం దేశం మొత్తం చూడాలె. టీవీవాళ్ళు వస్తున్నరు. ఆడోళ్ళంత పచ్చ చీరెలు కట్టుకోని రావాలె. బీడీ కంపెనీ బ్రాంచిల మాట్లాడిన, ఆ పూట బీడీలు ఆలిస్యంగ తీసుకుంటరు.”

“వస్తం బిడ్డా, మంచి పని,” అంది అంజమ్మ. “ఇంటోళ్ళు మొక్కిండ్రో లేదో, మనం మొక్కుదం.”

తన కోసం వద్దన్న దీపానికి దేశం పెద్ద కోసం ఇంత తొందరగా ఒప్పుకుందేమిటా అని యమునాబాయి కత్తెర పట్టుకుని ఆమె వైపే చూస్తూ కూర్చుంది.

*

శుక్రవారం గుడి నిండిపోయింది. పచ్చ చీరలు సగమే వచ్చాయి. మిగతావాళ్ళు ఉన్నవాటిలో మంచివి కట్టుకున్నారు. అంజమ్మ పెట్టె అడుగున ఉన్న ఇరకల్ చీర తీసింది. కలరా ఉండల వాసనకు గుడిమెట్ల మీదే నాలుగుసార్లు దగ్గింది. “సంబురానికి వచ్చిన దగ్గు ఇది, లెక్కల రాదు,” అని యమునాబాయిని కసిరింది. ఆమె లెక్క పెడుతున్న సంగతి అంజమ్మకు ఎప్పుడో తెలుసు.

గర్భగుడి ముందు మూరెడు ఎత్తు ఇత్తడి దీపపు సెమ్మె. పక్కన పంతులుగారు. వెనకాల ప్రధానమంత్రి నిలువెత్తు ఫోటో, కింద ‘మన ఇంటి మనిషి’ అని తెలుగులో, మరాఠీలో పెద్ద అక్షరాలు. ఫోటో కంటే కొంచెం చిన్నగా చేతులు జోడించిన భరత్ ఫోటో. కెమెరావాళ్ళు సిద్ధంగా ఉన్నారు.

పంతులుగారు చేతిలో అక్షతలు తీసుకుని, “గోత్రం?” అన్నారు.

భరత్ వెనక్కి చూశాడు. వెనక ఉన్నవాళ్ళు ఇంకా వెనక్కి చూశారు.

“పేరు చెప్తే చాలదా స్వామి? ఆయన పేరు ఎవరికి తెల్వదు?”

“పేరు నాకు తెలుసు. దేవునికి గోత్రం చెప్పాలె.”

భరత్ జిల్లా నాయకుడికి ఫోన్ చేశాడు. జిల్లా నాయకుడు ముంబయికి చేశాడు. ముంబయివాళ్ళు ఢిల్లీకి చేస్తామన్నారు. అరగంట పోయింది. ముసలివాళ్ళు కాళ్ళు చాపుకున్నారు. ఎవరో వెనకనుంచి, “తెల్వకుంటె కశ్యప గోత్రం అంటరు గదా, అనేయుండ్రి,” అన్నారు.

“అభిషేకానికైతే అంటా,” అన్నారు పంతులుగారు. ఆయనకు ఇలాంటి చోట మొండితనం వస్తుంది. “ఇది దీపం మొక్కు. సంకల్పం అయినంక దీపం ఒక ఇంటికి పోవాలె. కశ్యపుని ఇల్లు సోలాపురంల ఏడ ఉన్నదో చెప్పుండ్రి, ఆడికి పంపుత.”

అందరూ నవ్వారు. భరత్ కూడా నవ్వి, ధైర్యం చేశాడు. “అయితే మా ఇంటికి పంపుండ్రి. మా గోత్రమే చెప్పుండ్రి.”

“మంచిది. ఇంట్ల ఆడోళ్ళు ఎవరున్నరు? దీపాన్ని విడిచి కదలొద్దు. మీ అమ్మ ఉన్నదా?”

“అమ్మ పుణెల అక్క దగ్గర ఉన్నది.”

“మీ ఇంటామె?”

“ఆమెకు ఆఫీసు.”

“నీసు వండొద్దు.”

ఆదివారం కార్యకర్తలందరికీ భరత్ ఇంట్లో మటన్ భోజనాలని గుడిలో సగం మందికి తెలుసు. పిలుపు అందుకున్నవాళ్ళు మరీ ముందు వరసలో ఉన్నారు. భరత్ చెవులు ఎర్రబడ్డాయి. కెమెరావాడు కెమెరా దించి సిగరెట్ కోసం బయటికి చూశాడు.

యమునాబాయి పక్కన అంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గును మింగుతోంది. భుజాలు అదురుతున్నాయి. ఇన్ని వందల మంది ఆడవాళ్ళు చేతులు జోడించి కూర్చున్నారు, ఇన్ని చేతుల దండం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది అనుకుంది యమునాబాయి. పంతులుగారు సంకల్పం చెప్పేటప్పుడు ఒక్క రోగి పేరే చెప్పి ఊరుకోరు. ఆ గోత్రంవాళ్ళకి, ఆ ఇంటిల్లిపాదికి ఆరోగ్యం అడుగుతారు. ఆమె ఎన్ని పూజల్లో వినలేదు!

ఆమె లేచి నిలబడింది.

“రాసుకోండ్రి స్వామి. మాండవ్య గోత్రం. గాజంగోళ్ళ ఇల్లు. విడీ ఘర్కుల్, రెండో గల్లి.”

గుడిలో గుసగుస బయలుదేరింది. యమునాబాయిది పౌలస్త్య గోత్రం. గాజంగోళ్ళు అంటే అంజమ్మావాళ్ళు.

అంజమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. “ఏం మాట్లాడుతున్నవే? అది మా గోత్రం!”

“దిక్కులేనట్టు గోత్రం లేకుంట పడున్నడు అక్కా, అంత పెద్దాయన. ఒక ఇల్లు చెప్తే ఏం పోతది? మా ఇంట్ల నేనొక్కదాన్నే, నీ ఇంట్లయితే కోమల్ ఉన్నది, నువ్వున్నవు. దీపం దగ్గర ఎవరో ఒకరు ఉంటరు.”

అందరూ అంజమ్మ వైపు తిరిగారు. కెమెరా కూడా తిరిగింది. ఇంత మంది ముందు, జబ్బులో ఉన్న మనిషిని మా ఇంటివాడు కాదని అనడం ఆమె వల్ల కాలేదు. ఇరకల్ చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచి, “సరే, మా ఇల్లే,” అంది.

పంతులుగారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. మాండవ్య గోత్రం అన్నారు, ప్రధానమంత్రి పేరు చెప్పారు, ఆ వెంటనే “సహకుటుంబానాం” అన్నారు. క్షేమం, స్థైర్యం, ఆయువు, ఆరోగ్యం అన్నీ వరసగా అడిగారు. వందల మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా దండం పెట్టారు. యమునాబాయి కళ్ళు మూసుకుంది. దేవుడా, ఢిల్లీలో ఉన్నాయన్ని లేపు, ఆయనా ఒకరింటి బిడ్డే, అనుకుంది. అది అబద్ధం మొక్కు కాదు. ఆ మాట పూర్తయ్యాక, నా పక్కన ఉన్నదాన్ని కూడా, అనుకుంది.

*

దీపం బ్యాండుతో గల్లీలోకి వచ్చింది. అంజమ్మ ఇంట్లో ముందు గదిలో పీట వేసి దాని మీద పెట్టారు. ఊరేగింపు వెళ్ళిపోగానే అంజమ్మ తలుపు దగ్గరికి వేసి యమునాబాయిని తిట్టడం మొదలుపెట్టింది. ఇల్లు సున్నం లేకుండా ఉందని, గోడ మీద తన పెళ్ళినాటి ఫోటో వంకరగా ఉందని, అది కూడా టీవీలో వచ్చి ఉంటుందని తిట్టింది. దగ్గుకీ దగ్గుకీ మధ్య దొరికిన ఖాళీలో తిట్టవలసి వచ్చింది కాబట్టి చాలాసేపు పట్టింది. యమునాబాయి దీపంలో నూనె పోస్తూ అన్నీ విన్నది. మాట బంద్ కాలేదు, అది చాలు.

సాయంత్రానికి మనుషులు రావడం మొదలైంది. దీపం ఉన్న ఇంటికి వచ్చినవాళ్ళు గడప దాటుతూ ముందు రోగిని గురించి అడగాలి. అదీ ఆచారమే.

“మనిషి ఎట్లున్నడు అంజవ్వా?” అన్నది మొదట వచ్చినామె.

అంజమ్మ ఇబ్బందిగా కోమల్ వైపు చూసింది. కోమల్ ఫోను చూసి, “జరంత నయమట. గంజి తాగుతున్నడట,” అంది.

ఐదో మనిషి వచ్చేసరికి అంజమ్మ తనే జవాబు చెబుతోంది. “రాత్రి నిద్ర పట్టలేదు పాపం. పొద్దుగాల్నుంచి జ్వరం లేదు.” పదో మనిషికి, “వద్దంటె ఇనడు, పడుకోనే ఫైళ్ళు చూస్తున్నడట. చిన్నప్పట్నుంచి గంతే,” అంది. చిన్నప్పుడు ఆయన్ని ఈమె ఎప్పుడు చూసిందని ఎవరూ అడగలేదు. కోమల్ లోపలికి పోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎదురింటి గడప మీద యమునాబాయి నవ్వుతూనే చెవి అటే వేసి ఉంచింది. ఆ సాయంత్రం కట్టకు ఆరు దగ్గులు.

శనివారం పదకొండు గంటలకు భరత్ మళ్ళీ వచ్చాడు. ఈసారి టీవీవాళ్ళు ఇద్దరు, దీపం చూసిపోవడానికి పంతులుగారు. భరత్ దీపం పక్కన మఠం వేసుకుని కూర్చుని కెమెరాలోకి మాట్లాడాడు. “ప్రధానమంత్రిగారు ఢిల్లీల లేరు. ఈ గల్లీల, ఈ ఇంట్ల ఉన్నరు. ఆయన మా ఇంటి మనిషి. ఆయనకు ఏ సేవ తక్కువ కానియ్యం.”

“భరతూ,” అంది యమునాబాయి గుమ్మంలోంచి. “మరి వైద్యుడేడి?”

“ఏం వైద్యుడు అత్తా?”

“దీపం వచ్చినంక మూడు దినాలు దాటకముందే ఆ ఇంటికి వైద్యుడు గడప తొక్కాలె గద. తొక్కకుంటె మొక్కు చెల్లదు. మా అమ్మమ్మ చెప్పేది.”

కెమెరా ఆమె మీదికి వచ్చింది. భరత్ పంతులుగారి వైపు చూశాడు. “ఉన్నదా స్వామి అట్ల?”

పంతులుగారు ముప్పై ఏళ్ళుగా దీపాలు వెలిగిస్తున్నారు. ఈ నియమం ఆయన ఎప్పుడూ వినలేదు. ఆయన యమునాబాయిని చూశారు. ఆమె కళ్ళు దించలేదు, కానీ పైటకొంగు వేలికి చుట్టుకుంటోంది. అప్పుడే లోపలి గదిలో అంజమ్మకు దగ్గు తెర వచ్చింది. అది ఆగేదాకా అందరూ మాట్లాడకుండా నిలబడవలసి వచ్చింది. ఆగాక కూడా పిల్లికూతలా ఊపిరి వినపడింది.

“ఉన్నది,” అన్నారు పంతులుగారు. “ముఖ్యమైన నియమమే అది. నేను మర్చిపోయిన.”

*

సోమవారం పొద్దున డాక్టర్ వచ్చింది. పేరు ప్రాజక్త. ఈ మధ్యే చదువు పూర్తి చేసి, హోట్గి రోడ్‌లో ఒక పెద్ద డాక్టరు దగ్గర పని చేస్తోంది. భరత్ ఆమెను ఒక్క గంటకని బతిమాలి తెచ్చాడు. స్కూటీ దిగి, స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని లోపలికి వచ్చి, దీపానికి దండం పెట్టి, “రోగి ఎక్కడ?” అని మరాఠీలో అడిగింది.

“ఢిల్లీల,” అంది కోమల్.

ప్రాజక్త భరత్ వైపు చూసింది. భరత్ కెమెరా సర్దుతున్న మనిషి వైపు చూశాడు. ఆ అమ్మాయికి కోపం రావలసిందే, కానీ అప్పటికే ఆమె చెవి పక్కకు తిరిగింది. గోడవారగా పీట మీద కూర్చున్న అంజమ్మ ఊపిరి తీస్తుంటే కిర్రుమంటోంది.

“ఆజీ, ఇలా రండి,” అంది, మరాఠీలో అవ్వా అని పిలుస్తూ.

“నేను కాదమ్మా రోగిని. మా పెద్దాయన,” అంది అంజమ్మ గట్టిగా.

ప్రాజక్త ఒక్క క్షణం ఆలోచించింది. గుమ్మం దగ్గర నిలబడ్డ యమునాబాయి రెండు చేతులూ జోడించి ఉండడం చూసింది. “మీది, ఆయనది ఒకే గోత్రమని టీవీలో చెప్పారు కదా,” అంది. “దూరంగా ఉన్న రోగి సంగతి తెలియాలంటే ముందు ఇంట్లోవాళ్ళని చూడాలి. మీరు కాదంటే నేను వెళ్ళిపోతాను. తర్వాత మొక్కు సంగతి మీ ఇష్టం.”

అంజమ్మ ఇరుకున పడింది. దీపం వైపు చూసింది, బయట కిటికీలోంచి తొంగి చూస్తున్న గల్లీ మొత్తాన్ని చూసింది. “పెద్దాయన కోసమే,” అని అందరికీ వినపడేలా చెప్పి, వీపు తిప్పి కూర్చుంది.

ప్రాజక్త చాలాసేపు విన్నది. గాలి పీల్చమంది, వదలమంది, మళ్ళీ పీల్చమంది. గోళ్ళు చూసింది. చాటలోని తంబాకు చూసింది, గదికి ఉన్న ఒకే కిటికీ చూసింది. ఆ మధ్యాహ్నమే అంజమ్మను తన స్కూటీ మీద ఎక్కించుకుని, ఎక్స్‌రే తీయించి, కఫం పరీక్షకు ఇప్పించి తెచ్చింది. స్కూటీ ఎక్కడం అంజమ్మకు అదే మొదలు. దిగాక ఆ సంగతే పది మందికి చెప్పింది, ఎక్స్‌రే మాట మర్చిపోయింది.

మర్నాడు ఫలితం వచ్చింది. క్షయ కాదు. తంబాకు దుమ్ముకు గాలి గొట్టాలు బిగుసుకుపోయాయని, లోపల చీము పట్టడం మొదలైందని, మందు పీలిస్తే, గోలీలు వేసుకుంటే, ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేస్తే మనిషికి ఢోకా లేదని ప్రాజక్త చెప్పింది. “ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఈ మాట చెప్పేదాన్ని కాదు ఆజీ,” అంది. “వారానికి రెండుసార్లు నేను చూడాలి.”

యమునాబాయి ఎదురుగా ఉన్న తన ఇంట్లోకి పోయి, ఎవరికీ కనపడకుండా సంతోషంతో ఏడ్చింది. కాసేపు అక్కడే ఆకుల గోనె మీద కూర్చుంది.

ఈలోగా అంజమ్మ ఇంటి ముందు వరస తయారైంది. మెడనొప్పివాళ్ళు, కళ్ళు మసకవాళ్ళు, నెల తప్పినవాళ్ళు. అందరూ పెద్దాయన కోసమే వచ్చామన్నారు. ఆ గదిలో చోటు చాలక ప్రాజక్త గల్లీ చివరి దవాఖానకు నడిచింది. పిల్లిని కుర్చీలోంచి లేపడానికి కాంపౌండరు, కోమల్ ఇద్దరూ కావలసి వచ్చింది. భరత్ కెమెరా ముందు నిలబడి, “దీపం వెలిగినన్ని దినాలు ఈ దవాఖానల డాక్టర్ ఉంటది. ఇది నా మాట, మా నాయిన మీద ఒట్టు,” అన్నాడు. ఢిల్లీ వార్త అతనికి తెలుసు. ఇంకో రెండు రోజుల్లో ప్రధానమంత్రిని ఇంటికి పంపుతున్నారు.

*

గురువారం పొద్దున ప్రధానమంత్రి ఆసుపత్రి మెట్లు దిగి చేయి ఊపడం కోమల్ ఫోనులో గల్లీ అంతా చూసింది. టపాకాయలు పేలాయి. ఆడవాళ్ళు ఒకరి నోట్లో ఒకరు చక్కెర పోసుకున్నారు. అంజమ్మ ఫోనును కళ్ళకు దగ్గరగా పట్టుకుని, “చిక్కిపోయిండు,” అని కళ్ళు తుడుచుకుంది.

పన్నెండు గంటలకు భరత్ పూలదండతో, పంతులుగారితో వచ్చాడు. “అవ్వా, మన మొక్కు ఫలించింది! రాండ్రి, దీపం కొండెక్కిద్దం. టీవీవాళ్ళు ఆగరు.”

దీపం పోతే డాక్టర్ పోతుంది. అంజమ్మ మందు పీల్చడం మొదలుపెట్టి రెండు రోజులే అయింది. ఇంకో నియమం ఏదైనా కల్పించాలని యమునాబాయి తొందరగా వెతుక్కుంది. ఒక్కటీ తట్టలేదు.

అంజమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో ఇత్తడి గిన్నె. అందులో వేడి జొన్న గట్క, పైన మజ్జిగ.

“నేను తెల్లారంగనే వండి పెట్టిన,” అంది. “ఏడి, పెద్దాయన వచ్చిండా?”

“ఏడికి?” అన్నాడు భరత్.

“పథ్యానికి.”

భరత్ నవ్వబోయి, అంజమ్మ ముఖం చూసి ఆగాడు. ఆమె వేళాకోళం ఆడడం లేదు.

“అవ్వా, ఆయన ఢిల్లీల తింటడు. ఈపాటికి తినే ఉంటడు.”

“ఎవరో వండినది తింటె పథ్యం ఎట్లయితది బిడ్డా? ఇంటి పెద్దామె చేతుల తినాలె. అప్పటిదాక దీపం ఎట్ల తీస్తం? మనిషి మళ్ళ పడితె ఎవరు జవాబు చెప్తరు, నువ్వా?”

“ఆయన ఈడికి ఎట్ల వస్తడు అవ్వా!”

“ఎందుకు రాడు? మా ఇంటి మనిషని నువ్వే బోర్డు పెట్టిస్తివి. ఇంటి మనిషి ఇంటికి రాకుంటడా?”

ఈసారి భరత్ అడగకముందే పంతులుగారు తల ఊపారు. “ఇది పక్కా నియమం భరత్. దీంట్ల నాకు ఏ అనుమానం లేదు.” చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా ఒకేసారి అవునవునన్నారు. పథ్యం తినకుండా దీపం తీసిన ఇల్లు లేదని ఒకామె, తీస్తే ఏమవుతుందో నోటితో చెప్పకూడదని ఇంకొకామె. భరత్ పూలదండ చేత్తో పట్టుకుని అందరినీ చూశాడు. ఇంతమంది, ఇంకో మూడు నెలల్లో ఎన్నికలు. తండ్రి మీద పెట్టిన ఒట్టు కెమెరాలో ఉంది. గల్లీ చివర దవాఖాన ముందు వరస కనపడుతోంది. ఎందుకో అతనికీ నవ్వు వచ్చింది. నిజంగా నవ్వాడు. దండను తెచ్చినందుకు దీపపు సెమ్మెకే వేసి, “అయితే డాక్టర్‌బాయికి కుర్చీ కొత్తది కొనాలె. పాతది పిల్లికి అలవాటైంది,” అన్నాడు.

మధ్యాహ్నం అంజమ్మ, యమునాబాయి ఎప్పటిలా ఎదురెదురు గడపల మీద కూర్చున్నారు. అంజమ్మ ముక్కుకు పాత చీర గుడ్డ కట్టుకుంది. పక్కన కోమల్, ఒళ్ళో పోస్టుకార్డు పెట్టుకుని, పెన్ను పట్టుకుని.

“యమ్నా,” అంది అంజమ్మ గుడ్డలోంచి. “ఆ పొద్దు నీ గోత్రం ఎందుకు చెప్పలే?”

“యాదికి రాలే.”

“ఏండ్లకేండ్లు ప్రతి పూజల చెప్పుకుంట వచ్చిన గోత్రం యాదికి రాలే?”

“రాలే అక్కా.”

అంజమ్మ ఒక ఆకు తీసుకుంది. చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, గోటితో మూతి మడిచింది. “సహకుటుంబానాం అన్నప్పుడే అనుకున్న,” అంది మెల్లగా. “మాట బంద్ చేద్దమనుకున్న. దీపం ఇంట్ల ఉండంగ ఎట్ల చేస్త? పోనీ తియ్.” దారం చుట్టి పుటుక్కున తెంపి, కోమల్ వైపు తిరిగింది. “రాస్తున్నవా?”

“చెప్పు అత్తా.”

“బిడ్డా, నువ్వు బాగయినవు. మాకందరికి సంతోషం. ఇంటికొచ్చి గట్క తిని, దీపం కొండెక్కియ్యి. ఈడ ఎదురు చూస్తున్నం.” కాసేపు ఆలోచించింది. గల్లీ చివర ప్రాజక్త ఎవరినో నోరు తెరవమంటోంది. “ఇగ రాయి. తొందరేం లేదు. నీ పనులన్ని మెల్లగ చూసుకోనే రా.”

కోమల్ పగలబడి నవ్వింది. యమునాబాయి నవ్వింది. అంజమ్మకు కూడా నవ్వు ఆగలేదు, చాట ఎగిరేలా నవ్వింది. నవ్వు వెనకాలే ఎప్పుడూ దగ్గు తెర వచ్చేది. యమునాబాయి చేతిలో దారం అలాగే పట్టుకుని ఆగింది, చూస్తూ కూర్చుంది. అది రాలేదు.